గోలీకీ నొప్పికీ నడుమ

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు అన్న చాయ్‌కి వంక పెట్టాడు.

"గిది చాయా, కుడితా? బర్రె ముందట పెడితె అది గూడ మొఖం తిప్పుకుంటది" అన్నాడు. వదిన గ్లాసు తీసుకోబోతే ఇవ్వలేదు. తిడుతూనే అడుగుదాకా తాగాడు.

ఆ నిమిషం నాకు గుర్తుండడానికి నా జ్ఞాపకశక్తి కారణం కాదు. వదిన అప్పటికప్పుడు ఫోన్ తీసి మా చెల్లెకు వాయిస్ మెసేజ్ పంపింది. "ఓ ఆడబిడ్డా, రాసుకో. మూడు పదికి మంచిగనే ఉన్నడు. చాయ్‌కి వంకలు వెడుతుండు." భూపాలపల్లిలో ఉన్న చెల్లె దాన్ని తన ఎక్సెల్ షీటులో చివరి గడిలో రాసింది: చాయ్‌కి వంక, 3:10.

అన్న పెద్దవంగరకు దగ్గరలోని మా ఊళ్లో మోటార్లు బాగుచేసేవాడు. కాలిపోయిన మోటారు విప్పి, తీగ కొత్తగా చుట్టి, బిగించి ఇచ్చేవాడు. యాభై రెండో ఏట కడుపులో గడ్డ ఉందని మహబూబాబాద్‌లో చెప్పారు. మేం ఆ ఊరిని ఇప్పటికీ మానుకోట అనే అంటాం. మానుకోట నుంచి హైదరాబాద్ పంపారు. అక్కడ కొన్ని నెలలు వైద్యం చేసి, వ్యాధి ఎముకల్లోకి పాకింది, ఇక ఇంటికి తీసుకుపోండి అన్నారు. అప్పటినుంచి మా ముందు మిగిలిన విషయం ఒక్కటే. ఆయన ఎన్నాళ్లు ఉంటాడన్నది మా చేతిలో లేదు. ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా ఉంటాడా అన్నదే మిగిలింది.

నేను జనగామలో గ్రంథాలయంలో పనిచేస్తాను. ఆ ఊళ్లోనే నొప్పికి వైద్యం చేసే ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి, అన్నను ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అన్నను ఒకే ప్రశ్న అడిగింది.

"నొప్పి ఎట్లున్నది?"

"ఏం లేదు మేడమ్. జర కొంచెం."

వదిన పక్కనుంచి, "మేడమ్, ఈయన కాలు ఇరిగినా జర కొంచెం అనే అంటడు" అంది.

డాక్టరమ్మ గోలీలు రాసింది. ఎనిమిది గంటలకోసారి ఇవ్వమంది. పొద్దున తొమ్మిది, సాయంత్రం ఐదు, రాత్రి ఒంటిగంట. తర్వాత మా ఇద్దరి వైపు చూసి, "నాకు ఈయన మాట వద్దు, టైమ్ కావాలె. గోలీ ఎన్నింటికి ఇచ్చిన్రు, నొప్పి మళ్ల ఎన్నింటికి వచ్చింది. గీ రెండే చెప్పున్రి. ఆ నడుమ గంటలను బట్టి మందు పెంచాల్నో వద్దో నేను జూస్త" అంది.

గోలీ ఇచ్చిన టైమ్ చెప్పడం సులువు. నొప్పి ఎప్పుడు వచ్చిందో చెప్పడం కష్టం, ఎందుకంటే అన్న చెప్పడు. దానికి వదిన తన పద్ధతి ఒకటి పెట్టుకుంది. అన్న జీవితంలో ఎవరి మాటా ఊరికే పోనిచ్చినవాడు కాదు. మాటకు మాట అనాల్సిందే. అందుకని వదిన కాసేపటికోసారి ఆయనను కావాలని గెలికేది.

"మీ తమ్ముడు గన్ని పుస్తకాలు చదివిండు, నువ్వు ఒక్కటన్న చదివినవా?"

"వాడు చదివి ఏం జేసిండు? ఆ పుస్తకాలు అలమారల వెట్టి తాళం ఏస్తుండు."

అంటే నొప్పి లేదు. మళ్లీ కొంతసేపటికి, "మీ అవ్వ చేసిన పచ్చిపులుసు నీళ్ల లెక్క ఉండేది" అనేది. చనిపోయిన మా అమ్మ వంటను అంత మాటన్నా అటునుంచి జవాబు రాలేదంటే, నొప్పి వచ్చింది. వదిన గోడ గడియారం చూసి ఫోన్ అందుకునేది.

పక్కింటివాళ్లకు ఇది తెలియదు. చావుమంచంలో ఉన్న మనిషిని గట్ల దెప్పుతదేంది అని చాటుగా అనుకున్నారు. వదిన చెవిన పడినా పట్టించుకోలేదు. నేను ఎన్నో పుస్తకాల్లో భార్యల సేవ గురించి చదివాను. ఒక మనిషి నొప్పిని కనిపెట్టడానికి రోజంతా అతనితో పోట్లాడిన భార్య గురించి చదవలేదు.

వదిన మాట్లాడేది, చెల్లె రాసేది. చెల్లె భూపాలపల్లిలో బొగ్గు గని టైమ్ ఆఫీసులో పనిచేస్తుంది. కార్మికులు ఎన్నింటికి దిగారు, ఎన్నింటికి పైకి వచ్చారు అన్న లెక్క చూడడమే ఆమె ఉద్యోగం. కాబట్టి షీటు తయారుచేయడం ఆమెకు పెద్ద పని కాలేదు. ఒక గడిలో గోలీ ఇచ్చిన తారీకు, టైమ్. పక్క గడిలో నొప్పి వచ్చిన తారీకు, టైమ్. మూడో గడిలో రెండోదాంట్లోంచి మొదటిది తీసివేస్తే వచ్చే గంటలు. చివర ఇంకేమైనా ఉంటే రాయడానికి ఒక ఖాళీ గడి. అన్నింటి కింద సగటు.

ఆమె ఒకసారి నాకు వివరించింది. "గీ షీట్ల తారీకు అంటె ఒక అంకె అన్నా, గంతే. ఇయ్యాల ఒక అంకె, రేపటికి ఒకటి ఎక్కువ. టైమ్ అంటె ఆ ఒకటిల తునక. పగటి పన్నెండు అంటె సగం. అందుకే రెండు తారీకులను తీసేస్తె నడుమ కాలం వస్తది."

అది విని నాకు నచ్చింది. రోజును ఒకటి అని, గంటను అందులో ఇరవై నాలుగో వంతు అని అనుకోవడంలో అనవసరమైనది ఏమీ లేదు.

వదిన మెసేజ్‌లు చెల్లె ఇప్పటికీ దాచుకుంది. నేను కొన్ని విన్నాను.

"సోమవారం రాత్రి ఒంటిగంటకు గోలీ ఏసిన. మంగళవారం పొద్దుగాల ఆరింటికి మాట వడిపోయింది. రాసినవా?"

"వదినా, జర మెల్లగ జెప్పు. టైపు జెయ్యాలె గద."

"ఫ్యాను కింద గూసొని టైపు జెయ్యనీకి గంత తొందరేందే నీకు? చెయ్యి."

మూడు వారాల తర్వాత అన్నను మళ్లీ జనగామ తీసుకొచ్చారు. కారు వెనక సీటులో దిండ్లు పెట్టి పడుకోబెట్టి తెచ్చారు. షీటు నా ఫోన్‌లో ఉంది. డాక్టరమ్మ దాన్ని కిందికి జరిపి, చివరి అంకె చూసింది. సగటు తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు.

"మంచిగనే ఉన్నది గద" అంది. "మనం ఎనిమిది గంటలకోసారి ఇస్తున్నం. గోలీ తొమ్మిది గంటల పైన పనిచేస్తున్నది. ఇప్పుడు పెంచితె మత్తు ఎక్కువైతది, మనిషి లేవలేడు. గిట్లనే నడవనియ్యున్రి."

"మేడమ్, లెక్క ఏమో గని, ఈయన దినాం తండ్లాడుతుండు" అంది వదిన.

"అమ్మా, ఇది మీరు పంపిన లెక్కనే."

డాక్టరమ్మ కసురుకోలేదు. బయట చాలామంది కూర్చుని ఉన్నారు. వదిన ఇంకేదో అనబోయింది. అన్న ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "లెక్క మా చెల్లె చేసింది మేడమ్. తప్పు వోదు" అన్నాడు.

తిరిగి వెళ్లాక జరిగింది నాకు ఆ తర్వాత వదిన చెప్పింది. అన్న తన ఒంటిని నమ్మడం మానేశాడు. "చెల్లె లెక్క తొమ్మిది గంటలంటుంది. మరి నాకు గీ నొప్పి ఏడికెళ్లి వస్తుంది? ఇదంత నా భయమేనేమో" అన్నాడట. వదిన ఏదన్నా అంటే నొప్పిలో కూడా బలవంతంగా జవాబివ్వడం మొదలుపెట్టాడు. పళ్లు బిగించి ఒక్క మాట అనేవాడు. గోలీ పనిచేస్తున్నదని షీటు చెప్తున్నప్పుడు తాను మూలిగితే చెల్లె పరువు పోతుందని అనుకున్నాడేమో నాకు తెలియదు. వదిన మాత్రం తేడా పట్టుకుంది. "జవాబు వస్తుంది గని దాంట్ల ఉప్పు లేదు" అని నాకు ఫోన్‌లో చెప్పింది.

వదిన ఆ మాట చెప్పిన సాయంత్రమే నేను చెల్లెకు ఫోన్ చేసి డాక్టరమ్మ అన్నది చెప్పాను.

"తొమ్మిదా?" అంది. కీబోర్డు చప్పుడు వినిపించింది. "అన్నా, నేను దినాం ఒక్కో వరుస చేర్చుకుంట వోతున్న గని కింద అంకె సూడలే. వరుసలన్ని ఐదు, నాలుగున్నర, ఐదు ఉన్నయి. ఐదుల సగటు తొమ్మిది ఎట్లయితది?"

ఆ ప్రశ్న నేను అడగవలసింది, డాక్టరమ్మ కూడా అడగవలసింది. కానీ అడిగింది చెల్లె. తన లెక్కను తానే అనుమానించింది.

ఆమె కనిపెట్టింది ఇది. ఆ మూడో గడి గంటలను చూపించే తీరు గోడ గడియారం లాంటిది. ఇరవై నాలుగు దాటగానే మళ్లీ మొదటినుంచి లెక్కిస్తుంది. లోపల ఇరవై తొమ్మిది గంటలు ఉన్నా పైకి ఐదు అనే చూపిస్తుంది. సగటు తీసేటప్పుడు మాత్రం లోపల ఉన్న ఇరవై తొమ్మిదినే తీసుకుంటుంది. గంటలు ఇరవై నాలుగు దాటినా ఉన్నదున్నట్టు చూపించాలంటే, గడి తీరు రాసే చోట గంటల అక్షరానికి అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెట్టాలట. చెల్లె పెట్టింది. కొన్ని ఐదులు ఐదులుగానే ఉన్నాయి. కొన్ని ఇరవై తొమ్మిది అయ్యాయి. ఇరవై తొమ్మిదులన్నీ రాత్రి గోలీల వరుసల్లోనే ఉన్నాయి.

"గోలీ ఇరవై తొమ్మిది గంటలు పనిచేసుడేంది? రేపు ఊరికి పోతున్న" అని ఫోన్ పెట్టేసింది.

సెలవు పెట్టి పొద్దున బస్సెక్కింది. పరకాల, హన్మకొండ, తొర్రూరు. బస్సులు మారుతూ మధ్యాహ్నానికి ఊరు చేరింది. నేను జనగామ నుంచి ఆమె కంటే ముందే చేరాను. అన్న వరండాలో మంచం మీద ఉన్నాడు. వదిన పక్కన కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెల్లె చెప్పులు విడిచి, నీళ్లు కూడా తాగకుండా ఆమె ముందు కూర్చుంది.

"వదినా, ఒకటి అడుగుత. సోమవారం రాత్రి ఒంటిగంట అంటివి గద. అది ఏ రాత్రి? ఆదివారం పండుకుంటె వచ్చేదా, సోమవారం పండుకుంటె వచ్చేదా?"

"గిదేం ప్రశ్ననే? సోమవారం పండుకుంటె సోమవారం రాత్రి గాదా?"

"పన్నెండు గొడితె మంగళవారం రాదా?"

"ఎవలికి వస్తది?" వదిన చేతిలో చింతపండు పక్కన పెట్టింది. "నేను సోమవారాలు ఒక్కపొద్దు ఉంటున్న. పన్నెండు గొట్టంగనె మంగళవారం అయిందని లేచి అన్నం తింటనా? కోడి గుయ్యాలె, తానం జెయ్యాలె, దీపం వెట్టాలె. గప్పుడు మంగళవారం."

మంచం మీదినుంచి అన్న, "దానికి కోడి గూస్తేనే తెల్లారుతది. గందుకే మా ఇంట్ల ఒక్క పుంజును గూడ కొయ్యనియ్యది" అన్నాడు.

వదిన ఒక్కపొద్దు ఉంటున్నది ఆయన కోసమే. మందు పడితే కాళేశ్వరం వచ్చి దర్శనం చేసుకుంటానని మొక్కుకుంది. ఆమె సోమవారం పొద్దున మొదలై మర్నాడు పొద్దుటితో ముగుస్తుంది. సోమవారం రాత్రి ఒంటిగంట అంటే ఆమెకు ఆ సోమవారం చివరి భాగం. చెల్లె విన్నది విన్నట్టే సోమవారం తారీకు వేసి, ఒంటిగంట అని కొట్టింది. షీటుకు సోమవారం ఒంటిగంట అంటే ఆదివారం అర్ధరాత్రి దాటాక వచ్చేది. సరిగ్గా ఒక రోజు వెనక్కి. అందుకే మంగళవారం పొద్దుటి నొప్పికి, ఆ గోలీకి మధ్య అదనంగా ఇరవై నాలుగు గంటలు చేరాయి. కోడి కూయకముందే నొప్పి వచ్చిన రాత్రుల్లో రెండు టైమ్‌లకూ సోమవారమే పడింది కాబట్టి లెక్క సరిపోయింది. కూశాక వచ్చిన రాత్రుల్లో తప్పింది.

చెల్లె ముందు నవ్వింది. తర్వాత రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది.

"మా బొగ్గుబాయి కాడ గూడ గంతే వదినా. రాత్రి షిఫ్టుల దిగినోడు పొద్దుగాల పైకొస్తె, దిగిన తారీకే ఏస్తం. నేనే ఏస్త దినాం. ఇంటిది చేసేటప్పుడు యాదికి రాలే."

"ఇప్పుడొచ్చింది గద. నీళ్లు తాగు" అంది వదిన.

నేను ఒక సలహా చెప్పాను. ఇకనుంచి పన్నెండు దాటితే మరుసటి రోజు పేరు చెప్పమని వదినకు చెబితే సరిపోతుంది కదా అన్నాను. చెల్లె నా వైపు చూసింది.

"నిద్రల లేచి గోలీ ఇచ్చేటామె తారీకు గూడ సోంచాయించాల్నా అన్నా? వదిన ఎట్ల చెప్తె గట్లనే చెప్పనియ్. షీటు మారుస్త."

అక్కడే కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మార్చింది. వదిన మెసేజ్‌లు మొదటినుంచి మళ్లీ విన్నాం. వదిన ప్రతి టైమ్‌కు ముందు రాత్రి అనో, పొద్దుగాల అనో, పగటిపూట అనో తప్పకుండా చెప్పింది. ఒక్కటి కూడా వదిలేయలేదు. కోడి కూయకముందు నాలుగున్నర అయితే రాత్రి, కూశాక నాలుగున్నర అయితే పొద్దుగాల. చెల్లె ఆ మాటకు ఒక గడి కొత్తగా చేర్చింది. ఆ గడిలో రాత్రి అని ఉండి, టైమ్ అర్ధరాత్రి దాటినది అయితే, తారీకుకు ఒకటి కలపమని రాసింది. లేకపోతే ఉన్న తారీకే. అంతే మార్పు. వదిన రోజు వదిన రోజుగానే ఉంది, షీటు తన లెక్క తాను సరిచేసుకుంది.

కింద సగటు మారింది. నాలుగు గంటల యాభై నిమిషాలు.

చెల్లె ల్యాప్‌టాప్ తిప్పి అన్నకు చూపించింది. అన్న కళ్లు చిట్లించి చూశాడు.

"అయితె నాకు నొప్పి ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే అన్నా."

"మంచిది" అన్నాడు. "నేనే నాటకాలు జేస్తున్ననా అని నామీద నాకే అనుమానమొచ్చింది" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు. వదిన గడియారం చూసింది కానీ ఫోన్ తీయలేదు. అది నొప్పి వల్ల వచ్చిన మౌనం కాదని ఆమెకు తెలుసు.

మరుసటి రోజు నేను డాక్టరమ్మ దగ్గరికి ఒక్కడినే వెళ్లాను. ఈసారి ఆమె షీటును కిందికి జరపలేదు. పైనుంచి ఒక్కో వరుస చదివింది. కోడి సంగతి చెబితే నవ్వలేదు. "నేను కింద అంకె ఒక్కటే జూసిన. వరుసలు జూసుండాల్సింది" అంది. మందు నాలుగు గంటలకోసారికి మార్చింది. పడుకునే ముందు మోతాదు పెంచి, రాత్రి మధ్యలో లేపే పని తగ్గించింది. మత్తు ఎక్కువైతే ఏం చూడాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో చెప్పింది. ఆ షీటు చేసింది ఎవరని అడిగింది. మా చెల్లె, మా వదిన అని ఇద్దరి పేరూ చెప్పాను.

మొదటి రెండు రోజులు అన్న ఎక్కువగా నిద్రపోయాడు. వదిన పరేషాన్ అయింది. మూడో రోజు లేచి, మా ఇంటిముందు నుంచి వెళ్తున్న ఒకాయన మోటారు పాడైందని చెబితే, ఇంటికి వెళ్లి ఫోన్ చేయమన్నాడు. ఆయన చేశాడు.

"ఫోన్ మోటారు దగ్గర వెట్టు. ఇంకా దగ్గర. ఆన్ జెయ్. ఆఁ, చాలు, బంద్ జెయ్. బేరింగ్ పోయింది. వైండింగ్ తీగ మంచిగనే ఉంది. ఎవడన్న వైండింగ్ పోయిందని పైసలడిగితె నాకు ఫోన్ ఇయ్యి."

వదిన ఆ మాటలు వినిపించేలా చెల్లెకు మెసేజ్ పంపింది. చెల్లె షీటు చివరి గడిలో రాసింది: బేరింగ్. ఆ చివరి గడి మొదట ఖాళీగా ఉండేది. తర్వాతి వారాల్లో నిండుతూ వచ్చింది. చాయ్‌కి వంక పెట్టినది ఉంది. నన్ను తిట్టినది ఉంది. మామిడికాయ తొక్కు అడిగినది ఉంది. చెల్లె బియ్యం పంపుతానంటే మొగుళ్లపల్లిలోని ఆమె అత్తగారి పొలం బియ్యం కోళ్లకు కూడా పనికిరావన్నది ఉంది. గోలీకీ నొప్పికీ నడుమ ఉన్న గంటలను ఆయన ఎలా వాడుకున్నాడో అందులో ఉంది. చాలా వరుసల్లో నొప్పి గడి ఖాళీగా ఉంది, ఎందుకంటే నొప్పి రాకముందే తర్వాతి గోలీ పడింది.

అన్న వానాకాలం మొదట్లో, ఒక పొద్దుటిపూట, వదిన పక్కన ఉండగా పోయాడు. ముందురోజు సాయంత్రం వరకు ఆమె విసిరిన ప్రతి మాటకు జవాబిచ్చాడు. రాత్రి నిద్రపోయాడు. నొప్పితో పోలేదు. ఆ మాట నేను ఓదార్పు కోసం రాయడం లేదు. లెక్క ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఆయన పోయాక తెలిసినవాళ్లు ఫోన్లో చాలా మాటలు పంపారు. దీపాలు, పూలు, నక్షత్రాలు. వాళ్ల మనసు మంచిదే. నేను మాత్రం ఆ షీటే చదువుకున్నాను. అందులో ఒక్క విశేషణం లేదు. మా ఇంట్లో ఒక మనిషిని ఇద్దరు ఆడవాళ్లు ఎలా చూసుకున్నారో చెప్పడానికి అంతకంటే ఎక్కువ అవసరమనిపించలేదు. ఒకరు రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తన పద్ధతిలో తేడా రాకుండా చెప్పారు. ఇంకొకరు ఆ పద్ధతిని మార్చమనకుండా తన లెక్క మార్చుకున్నారు.

మిగిలిన గోలీలు డాక్టరమ్మకు తిరిగి ఇచ్చేశాం. చెల్లె భూపాలపల్లిలో తన పనిలో ఉంది. వదిన ఊళ్లోనే ఉంది, బడిలో వంట చేస్తోంది. షీటు ఆఖరి వరుసలో గోలీ ఇచ్చిన టైమ్ ఉంది, నొప్పి గడి ఖాళీగా ఉంది. ఇప్పుడు ఆ ఇంట్లో గోలీ కోసం ఎవరూ నిద్ర లేవరు.